గణనయంత్రము – దాని అంగములు, దాని కావలి

ప్రసంగ పాఠము



నేటి సభలో మాటలాడుటకు నాకు నిర్ణయింపబడిన విషయము కంప్యూటరు. ఈ సభలో కొందరు యువకులు దినమంతయు ఆ యంత్రము ముందే కూర్చుండి జీవనము గడపువారు. వారికి నేను క్రొత్తగా చెప్పదగినది స్వల్పము. కాని ఆ యంత్రము ఇంటిలోనే యుండియు, దానిని గూర్చి పిల్లలు చెప్పుకొను మాటలలో ఒక్కటియు బోధపడక, మరమ్మతు చేయువాడు చెప్పినదెల్ల నిజమని నమ్మి సొమ్ము చెల్లించువారు మనలో ఎక్కువమంది కలరు. నా ప్రసంగము ముఖ్యముగా వారి కొరకు.

"డిస్కు పోయినది" అని ఒకడు చెప్పెననుకొనుడు. పోయినది తెరయా, తీగయా, లేక ఇరువది సంవత్సరముల ఇంటి వ్రాతలా అని తెలియనివాడు మారుప్రశ్న వేయలేడు. ప్రశ్న వేయలేనివాడు బేరమును చేయలేడు, జాగ్రత్తయు పడలేడు. బట్టల కొట్టులో పోగు పట్టి చూచుదుము, కంసాలి యెదుట త్రాసు ముల్లును గమనించుదుము. ఈ యంత్రము విషయమున మాత్రము కన్నులు మూసికొనుట మనకు తగదు. ఇరువది, ముప్పది మాటల అర్థము తెలిసినచో చాలును. ఆ మాటలనే నేడు మీకు విన్నవించెదను.

ముందుగా పేరు సంగతి. మనము స్థిరపడిన తావులను బట్టి మన బిడ్డలు ఈ యంత్రమును వేర్వేరు పేర్లతో నేర్చుకొనుచున్నారు. తమిళ పాఠశాలలో అది 'కణిని'. కన్నడ పాఠశాలలో 'గణకయంత్ర'. మరాఠీ పాఠశాలలో 'సంగణక్'. ఫ్రెంచి భాషలో దాని పేరు 'ఓర్దినాతర్'. ఆ మాటను 1955లో జాక్ పెర్రే అను ఫ్రెంచి పండితుడు సూచించెను. అనగా 1954లో యానాము ఫ్రెంచి పాలననుండి విడివడిన మరుసటి సంవత్సరముననే ఆ పేరు పుట్టినది. తెలుగున గణనయంత్రమనియు, సంగణకమనియు వ్రాసినవారు కలరు. కాని వాడుకలో నిలిచినది కంప్యూటరే.

ఇందులకు చింతింప నవసరము లేదు. దస్తావేజు మనకు పారసీ నుండి వచ్చినది. అలమార పోర్చుగీసువారి మాట. రైలు, పోస్టు ఇంగ్లీషు నుండి దిగినవి. అవి యన్నియు మన విభక్తులను ధరించి మన యింటి మాటలైనవి. పరభాషా పదము మన నోట పలుకుటలో లోపము లేదు. అర్థము తెలియక పలుకుటయే లోపము. కావున నేను కంప్యూటరు అందును, డిస్కు అందును. వాని వెనుకనున్న పని యేమో మాత్రము మన మాటలలో చెప్పెదను.

ఈ యంత్రము వంశమున మగ్గము కూడ ఒక పూర్వురాలు. ఈ సంగతి షోలాపురము, భివండి పట్టణముల నేతకుటుంబములవారు గర్వముతో తెలిసికొనదగినది. ఫ్రాన్సు దేశమున జకార్డు అనునతడు 1804 ప్రాంతమున నేతకు చిల్లుల అట్టలను పూన్చెను. అట్టలో చిల్లు ఉన్నచోట పోగు పైకి లేచును; లేనిచోట క్రిందనే నిలుచును. అట్టల వరుస మార్చినచో అల్లిక మారును. మగ్గము మాత్రము అదే. తరువాత ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ అట్టల పద్ధతినే గైకొనెను. నేటి కంప్యూటరు సారాంశమంతయు ఆ అట్టలో కలదు. చిల్లు ఉన్నది, లేదు అను రెండే స్థితులు. ఒకటి, సున్న అను రెండే అంకెలు. అట్టి ఒక్క చిల్లునకు నేటి పేరు 'బిట్'. ఎనిమిది బిట్లు కలిసి ఒక 'బైట్'. మగ్గమువంటి కఠినమైన భాగములకు 'హార్డ్‌వేర్' అని పేరు. అట్టల వరుసవలె యంత్రమునకు పని నేర్పు ఆజ్ఞలకు 'సాఫ్ట్‌వేర్' అని పేరు. చేతితో తాకి పట్టుకొనదగినది మొదటిది. తాక వీలులేనిది, మార్చుకొన వీలైనది రెండవది.

చరిత్రను రెండు మాటలలో ముగించెదను. అమెరికాలో 1946లో ప్రకటింపబడిన ఎనియాక్ అను యంత్రమున సుమారు 18,000 గాజు వాల్వులుండెను. దాని బరువు సుమారు 30 టన్నులు. మన దేశమున 1955లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు విదేశమునుండి ఒక కంప్యూటరు వచ్చెను. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు స్వయముగా నిర్మించిన టిఫ్రాక్ 1960లో పనికి వచ్చెను. హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసి, 1969లో టి.డి.సి. 12 అను కంప్యూటరును వెలువరించెను. 1971లో ఇంటెల్ సంస్థవారు లెక్కలు చేయు అంగమునంతయు ఒక్క సిలికాను తునకపై ఇమిడ్చిరి. అందులో 2,300 ట్రాన్సిస్టర్లుండెను. నేడు మీ చేతిలోని దూరవాణి తునకలో అవి వందల కోట్ల సంఖ్యలో ఉన్నవి. గదులు నిండిన యంత్రము జేబునకు దిగుటకు కారణ మిదియే.

ఇక అంగములు. ఒక పెద్ద కొట్టులోని గుమాస్తాను తలచుకొనుడు. అతడు తన బల్లముందు కూర్చుండి యున్నాడు. ప్రక్కనే బీరువా కలదు. లెక్క చేయువాడు గుమాస్తా; అప్పటికి కావలసిన కాగితములు పరచుకొను చోటు బల్ల; పని ముగిసినపిమ్మట భద్రపరచు చోటు బీరువా. కంప్యూటరులో గుమాస్తా పేరు 'ప్రాసెసర్', లేక 'సి.పి.యు.' బల్ల పేరు 'ర్యామ్'. బీరువా పేరు 'డిస్కు'. ఈ మూటి భేదము తెలిసినవాడు ఈ విద్యలో సగము నేర్చినవాడే.

వాడుకలో పెట్టెనంతటిని సి.పి.యు. అని పిలుచుచున్నారు. అది సరికాదు. నిజమైన సి.పి.యు. ఆ పెట్టెలోపల తమలపాకు కంటె చిన్నదైన ఒక బిళ్ళ. పని చేయునపుడు అది మిక్కిలి వేడెక్కును. కావుననే దానిపై లోహపు రెక్కలును, చిన్న విసనకఱ్ఱయు అమర్చబడి యుండును. దుమ్ము పేరుకొని ఆ విసనకఱ్ఱ తిరుగనిచో, బిళ్ళ తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును, లేదా యంత్రము ఆగిపోవును. వేసవిలో మాటిమాటికి ఆగిపోవు యంత్రమునకు తరచుగా కావలసినది క్రొత్త సి.పి.యు. కాదు, దుమ్ము దులుపుటయే.

ర్యామ్ అను బల్లపై నున్నది విద్యుత్తు ఉన్నంతవరకే నిలుచును. కరెంటు పోయిన క్షణమున బల్ల తుడిచినట్లగును. వ్రాసినదానిని 'సేవ్' చేయుమని పిల్లలు హెచ్చరించుట ఇందుకే. సేవ్ చేయుట యనగా బల్లమీది కాగితమును బీరువాలో పెట్టుట. బల్ల చిన్నదైనచో గుమాస్తా మాటిమాటికి లేచి బీరువాకు పోయి రావలసివచ్చును, పని నెమ్మదించును. అట్టి యంత్రమునకు బల్ల పెంచినచో, అనగా ర్యామ్ చేర్చినచో, పలుమారు క్రొత్త యంత్రము కొనవలసిన పని యుండదు. "యంత్రము పాతబడినది, మార్చవలెను" అని ఎవరైన చెప్పినపుడు, "ర్యామ్ ఎంత యున్నది? పెంచుటకు చోటున్నదా?" అని అడుగుడు. ఆ ఒక్క ప్రశ్నకే ఎదుటివాని స్వరము మారుట మీరు చూతురు.

డిస్కు రెండు విధములు. మొదటిది తిరుగు డిస్కు, అనగా హార్డ్ డిస్కు. దానిలో అయస్కాంతపు పూత గల పళ్ళెములు నిమిషమునకు 5,400 లేక 7,200 మార్లు తిరుగుచుండును. వెండ్రుక కంటె సన్నని యెడముతో చదువు ముల్లు వానిపై తేలుచుండును. తిరుగుచున్నపుడు యంత్రము క్రిందపడినచో ముల్లు పళ్ళెమును గీరును. గీరినచోట వ్రాత పోవును. 'టక్, టక్' అను చప్పుడు వినిపించినచో అది ప్రమాద సూచన. వెంటనే యంత్రమును ఆపి తెలిసినవానికి చూపవలెను. రెండవది ఎస్.ఎస్.డి. దానిలో తిరుగునది లేదు. అంతయు సిలికాను గడులే. అది వేగము గలది, దెబ్బకు ఓర్చునది. కాని అది పోవునపుడు తరచుగా చప్పుడైన చేయక పోవును. డిస్కు ఏదైనను శాశ్వతము కాదు. ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనుడు. మరల దీనికడకు వచ్చెదను.

గుమాస్తాను, బల్లను, బీరువాను కలుపు నేల 'మదర్ బోర్డు'. అన్ని తీగలును, అన్ని బిళ్ళలును దానికే అతుకబడును. గోడలో వచ్చు 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు దించి అంగములకు పంచునది 'పవర్ సప్లై'. మీట నొక్కినను దీపము వెలుగక, విసనకఱ్ఱ తిరుగకున్నచో ముందుగా శంకింపవలసినది గోడలోని ప్లగ్గును, పిదప దీనిని, డిస్కును కాదు. కరెంటు పోయినపుడు కొన్ని నిమిషములు ఆదుకొను బ్యాటరీ పెట్టె 'యు.పి.ఎస్.' దానిని గంటలకొలది పని చేయుటకు కాదు, బల్లమీది కాగితములను బీరువాలో సర్దుకొనుటకే ఉంచుకొనవలెను.

కొలతలు తెలియనిదే కొనుగోలు సాగదు. వేయి బైట్లు ఒక కిలోబైటు. పది లక్షలు ఒక మెగాబైటు. నూరు కోట్లు ఒక గిగాబైటు. లక్ష కోట్లు ఒక టెరాబైటు. రెండింటి ఘాతముల ననుసరించి 1,024 చొప్పున లెక్కించువారును కలరు. కావుననే కొట్టులో కొన్న డిస్కు ఇంటిలో కొంచెము తక్కువగా కనబడును. అది మోసము కాదు, రెండు మానికల భేదము. 1956లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన మొదటి డిస్కు యంత్రములో ఏబది పెద్ద పళ్ళెములుండెను. బరువు టన్నునకు మించెను. అందులో పట్టినది 50 లక్షల అక్షరములు. నేడు దూరవాణితో తీసిన ఒక్క ఛాయాచిత్రము అంత చోటును ఆక్రమింపగలదు.

ఇక మన తెలుగు అక్షరము ఈ గడులలో ఎట్లు నిలుచును? ఈ ప్రశ్న మనకు ముఖ్యమైనది. యంత్రమునకు అక్షరము తెలియదు. అంకె మాత్రమే తెలియును. ప్రతి అక్షరమునకు ఒక అంకె నియమింపవలెను. 1991లో వెలువడిన యూనికోడ్ అను ప్రపంచ పట్టికలో తెలుగునకు 128 గడులు కేటాయింపబడినవి. ఆ పట్టికలో మన తెలుగునకు ముందు తమిళము, వెనుక కన్నడము ఉన్నవి. ఇరుగుపొరుగుల పొత్తు అక్కడ కూడ చెడలేదు. 'తెలుగు' అను మాటలో యంత్రము ఆరు గుర్తులను చూచును: తకారము, ఎత్వము, లకారము, ఉత్వము, గకారము, ఉత్వము. సాధారణముగా వాడు యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడు బైట్లు. కావున ఆ మాటకు 18 బైట్లు.

ఈ లెక్క ఏల చెప్పితిననగా, యూనికోడ్ వాడుకలోనికి రాకపూర్వము, వచ్చిన తరువాత కూడ చాలకాలము, మన అచ్చుకూటములలో వేరు పద్ధతులు నడచినవి. ఇంగ్లీషు అక్షరముల గడులలోనే తెలుగు రూపములను కూర్చి, ఒక్కొక్క కంపెనీ తన తన వరుసలో 'ఫాంటు'లను చేసినది. ఆ ఫాంటు ఉన్న యంత్రములో అది తెలుగు. లేని యంత్రములో అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపు. మీ యిండ్లలోను, సంఘ కార్యాలయములలోను అట్లు కూర్చిన సభ్యుల పట్టికలు, శుభలేఖలు, వంశవృక్షములు ఎన్ని యున్నవో వెదకి చూడుడు. వ్రాత చెడలేదు, చదువు తాళపుచెవి పోయినది. ఆ ఫాంటు పనిచేయు పాత యంత్రము బ్రతికియుండగనే వానిని యూనికోడునకు మార్చుట అత్యవసరము. మార్చు సాధనములు దొరకును. మార్చిన పిమ్మట తెలుగు చదువ నేర్చిన పెద్దవారొకరు ఒత్తులను, సున్నలను సరిచూడవలెను. ఈ పనిలో అవ్వయు, మనుమడును చెరియొక చేయి వేయవలసినదే. మనుమనికి యంత్రము తెలియును, అవ్వకు అక్షరము తెలియును.

ఇంతవరకు అంగముల మాట. ఇకమీద పరిపాలన మాట. అంగములన్నిటిని నడుపు మూల సాఫ్ట్‌వేర్‌కు 'ఆపరేటింగ్ సిస్టమ్' అని పేరు. ఏ పనికి ఎంత బల్ల ఇవ్వవలెనో, బీరువాలో ఏ కాగితము ఏ అరలో నున్నదో అది చూచుకొనును. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అను పేర్లు మీరు వినియే యుందురు. బీరువాలోని ఒక కాగితమునకు 'ఫైలు' అనియు, ఫైళ్ళను కట్టి ఉంచు సంచికి 'ఫోల్డరు' అనియు పేర్లు.

ఒక యంత్రమును పలువురు వాడునపుడు ఎవరికి ఎంత అధికారమో నిర్ణయింపవలెను. ప్రతి వాడుకరికి ఒక 'అకౌంటు', అతడే అతడని రుజువు చేయు 'పాస్‌వర్డు' అను సంకేతపదము, అతడు ఏ ఫైలు చదువవచ్చునో ఏది దిద్దవచ్చునో తెలుపు 'పర్మిషను' ఉండును. అందరికి పైన సర్వాధికారములు గల అకౌంటు ఒకటి యుండును. దానికి విండోస్‌లో 'అడ్మినిస్ట్రేటరు' అనియు, 1969లో పుట్టిన యూనిక్స్ పద్ధతిని అనుసరించు లినక్స్‌లో 'రూట్' అనియు పేర్లు. ఆ అధికారముతో యంత్రమును కాపాడు మనుష్యునికి 'సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు' అని పేరు. నేనతనిని కావలివాడనెదను.

ఈ ఉద్యోగము మనకు క్రొత్తది కాదు. పూర్వము గ్రామమునకు కరణముండెను. ఎవని పొలము ఎక్కడిది, ఎవరు ఎంత శిస్తు చెల్లించిరి అను లెక్కలన్నియు ఆయన చేతిలోనివి. వంశపారంపర్యమైన ఆ పద్ధతి తమిళనాడులో 1980లోను, ఆంధ్రప్రదేశములో 1984లోను రద్దయినది. మంచి కరణముండిన ఊరు సుఖపడినది. లెక్కలను తన పెట్టెలో దాచి, తాను తప్ప ఎవరికిని అంతుపట్టకుండ చేసిన కరణముండిన ఊరు ఇడుమలు పడినది. నేడు మన యిండ్లలో, కార్యాలయములలో, సంఘములలో ఆ కరణీకము మరల రహస్యముగా ప్రవేశించినదని నా అభిప్రాయము. ఇంటిలో ఒక్క కుమారునికి మాత్రమే పాస్‌వర్డు తెలియును. అతడు ఉద్యోగమునకై విదేశము పోయినాడు. ఒక సంస్థలో ఒక్క గుమాస్తాకు మాత్రమే తెలియును. అతడు పని మానినాడు. యంత్రమున్నది, ఫైళ్ళున్నవి, తలుపు తెరచుకొనదు.

కావలివాని ధర్మములు నాలుగు అని నేను చెప్పుదును. మొదటిది, సర్వాధికారపు అకౌంటును దినదినపు పనికి వాడకుండుట. దినచర్యకు సామాన్య అకౌంటు చాలును. సర్వాధికారముతో తిరుగునపుడు ఒక దుష్ట సాఫ్ట్‌వేర్ లోనికి వచ్చినచో దానికి కూడ ఆ సర్వాధికారమే సంక్రమించును. "మేము బ్యాంకువారము, కంపెనీవారము, మీ యంత్రమును దూరమునుండి బాగుచేసెదము, మేము చెప్పిన మీట నొక్కుడు" అని దూరవాణిలో పలుకువారు అడుగుచున్నది ఈ అధికారమునే. ఇల్లు చూచెదనని వచ్చిన అపరిచితునికి ఇనుప పెట్టె తాళపుచెవి ఇచ్చువారము కాము గదా! మీరు పిలువక వచ్చినవానికి ఎన్నడును ఇవ్వకుడు.

రెండవది, మరమ్మతు సవరణలు. సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన లోపములకు దానిని చేసినవారే ఎప్పటికప్పుడు సవరణలు పంపుదురు. దీనికే 'అప్‌డేట్' అని పేరు. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేర్ సుమారు 150 దేశములలో రెండు లక్షలకు మించిన యంత్రములలో ఫైళ్ళను తాళము వేసి, విడిపించుటకు సొమ్ము కోరినది. అది ప్రవేశించిన కన్నమును పూడ్చు సవరణ రెండు నెలల ముందే, మార్చిలోనే, వెలువడి యుండెను. దానిని వేసికొన్న యంత్రములు ఆ కన్నము ద్వారా కలుగు హాని నుండి తప్పించుకొన్నవి. సవరణలు ఆగిపోయిన పాత ఆపరేటింగ్ సిస్టములతో జాగ్రత్త వలయును. విండోస్ 10కి సామాన్యముగా లభించు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. మీ యంత్రములో నున్నది ఏది యని నేడే విచారింపుడు.

మూడవది, దినచర్య పుస్తకమును చూచుట. యంత్రము తన పనులను తానే వ్రాసికొను పుస్తకమునకు 'లాగ్' అని పేరు. ఏ గంటకు ఎవరు ప్రవేశించిరి, ఎచట తప్పు జరిగినది అను సంగతులు అందులో ఉండును. వ్యాధి ముదరక ముందే లక్షణము కనబడు తావు అది.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, 'బ్యాకప్', అనగా మారుప్రతి. ఈ విద్య మన పూర్వులకు మిక్కిలి తెలిసినది. తాటాకు శాశ్వతము కాదని, పురుగు తినుననియు, తడిసి విరుగుననియు వారెరుగుదురు. కావుననే తరతరమున ప్రతి వ్రాసిరి. తంజావూరి సరస్వతీ మహలులోను, 1869లో నెలకొనిన మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారములోను మన తెలుగు గ్రంథములు నేటికి నిలిచి యున్నవనిన, ఏ ఒక్క ఆకో అమరమగుటవలన కాదు. ప్రతికి ప్రతి వ్రాసినవారి ఓపికవలన. డిస్కు తాటాకు కంటె అల్పాయువు. అయినను ప్రతి వ్రాయుటకు దానిలో నెలలు పట్టవు, నిమిషములు చాలును. ఇంత సులభమైనది కాబట్టియే మనము వాయిదా వేయుచున్నాము.

ఈ వృత్తివారు చెప్పు నియమము ఒకటి కలదు. ప్రతులు మూడు ఉండవలెను. అవి కనీసము రెండు విధములైన సాధనములపై నుండవలెను. అందులో ఒకటి వేరొక ఊరనో, కనీసము వేరొక ఇంటనో ఉండవలెను. ఒకే బల్లమీద మూడు ప్రతులున్నచో దొంగకును, వరదకును అవి ఒక్కటే. ఎల్లప్పుడు యంత్రమునకు తగిలించియే యున్న బయటి డిస్కును మాత్రము నమ్ముకొనరాదు; వానాక్రై వంటిది వచ్చినపుడు దానికి కూడ తాళము పడును. మరియు, తీసిన ప్రతిని అప్పుడప్పుడు తెరచి చూడవలెను. చదివి చూడని ప్రతి ప్రతి కాదు, ఆశ మాత్రమే.

పలువురు 'క్లౌడ్' లో పెట్టితిమని నిశ్చింతగా నుందురు. క్లౌడ్ అనగా మేఘము. కాని అది ఆకాశమున లేదు. మన పెట్టె వంటిదే, మిక్కిలి పెద్దది, మరియొకరి భవనములో నున్నది. అట్లు పలువురికి సేవ చేయు కంప్యూటరునకు 'సర్వరు' అని పేరు. మన యింటి యంత్రము ఇంటిలోని 'రౌటరు' ద్వారా ఆ సర్వరుతో మాటలాడును. ప్రతి యంత్రమునకు ఒక అంకెల చిరునామా ఉండును, దానికి 'ఐ.పి. అడ్రసు' అని పేరు. అంకెలు మనకు గుర్తుండవు గనుక, పేరు చెప్పినచో అంకె చెప్పు పట్టిక ఒకటి 1983లో రూపొందినది. దాని పేరు 'డి.ఎన్.ఎస్.' క్లౌడ్ ఒక ప్రతికి మంచి తావు. కాని అద్దె ఆగినను, పాస్‌వర్డు మరచినను తలుపు మూసికొనును. కావున అది మూడు ప్రతులలో ఒకటి కావచ్చును, మూడును కారాదు.

పాత యంత్రమును అమ్మువారికి ఒక హెచ్చరిక. ఫైలును తుడిచితిమనుకొందురు. తిరుగు డిస్కులో సాధారణముగా తుడుపబడునది విషయసూచికలోని పేరు మాత్రమే. దానిపై మరియొకటి వ్రాయబడు వరకు లోపలి పుట నిలిచియే యుండును. ఇంటి దస్తావేజుల నకళ్ళు, ఆడబిడ్డల ఛాయాచిత్రములు గల డిస్కును పూర్తిగా చెరిపించియో, డిస్కును తీసివైచియో అమ్ముడు.

ఇక ముగించెదను. మన కుటుంబములు ఈ తావులకు వచ్చినపుడు తెచ్చుకొన్నది బండెడు సామాను కాదు. భాష, లెక్క, జ్ఞాపకము. నేడు ఆ జ్ఞాపకములో అధికభాగము డిస్కులలోనికి పోయినది. తాతగారి ఉత్తరముల నకళ్ళు, అవ్వ పాడిన లాలిపాటల ధ్వనులు, భూమి పత్రములు, పెండ్లి లగ్నపత్రికలు అన్నియు అందున్నవి. అవి పోయినచో పక్క ఊరి బంధువులనడిగి మరల వ్రాసికొనుటకు వీలులేదు. ఆ పాట పాడిన కంఠము మరల దొరకదు.

కావున ఈ వారములోనే ప్రతి గృహస్థుడును, గృహిణియు ఒక చిన్న నోటుపుస్తకము తెరువుడు. యంత్రము ఏది, ర్యామ్ ఎంత, డిస్కు ఏ విధమైనది, ఎప్పుడు కొన్నది. ఆపరేటింగ్ సిస్టమ్ ఏది. ఏ అకౌంటు ఎవరిది. మారుప్రతులు ఎచ్చట నున్నవి, కడపటి ప్రతి ఏ తేదీన తీసినది. ఈ సంగతులు తెలుగున వ్రాయుడు. సర్వాధికారపు పాస్‌వర్డును ఒక కవరులో ముద్రవేసి, నగలుంచు చోట ఉంచుడు. అది అచ్చట నున్నదని ఇంటిలో ఇద్దరికైన తెలియనిండు. సంఘముల పెద్దలు తమ కార్యాలయ యంత్రమునకును ఇట్లే చేసి, కార్యదర్శి మారినపుడు తాళపుచెవులతో పాటు ఆ కవరును కూడ లెక్కగా అప్పగించుకొందురుగాక. మరమ్మతు చేయువాడు వచ్చినపుడు ఆ పుస్తకమును ముందుంచి, "చెప్పు నాయనా, పోయినది ఏ అంగము?" అని అడుగుడు. అతడు చెప్పు జవాబు మీకు అర్థమగును.